గేటు మూసిన ఆదివారం

"ఆమెను మాఫీ అడగమను. ఒక్క మాట, గంతే. అప్పటిదాంక నేను ఈ ఇంట్ల అన్నం ముట్ట."

జగన్‌మోహన్ కంచం పక్కకు నెట్టి లేచాడు. జొన్నరొట్టె ఇంకా తుంచనే లేదు. పెనం మీదినుంచి మరో రొట్టె తెచ్చిన అతని భార్య మనోరమ, దాన్ని ఎవరి కంచంలో వేయాలో తెలియక అట్లాగే నిలబడిపోయింది.

"ఎందుకు అడగాలె మామయ్యా?" వంటింటి గుమ్మంలో నిలబడి ప్రణీత అడిగింది. కోడలిగా వచ్చిన నాటినుంచి ఆమె మామగారి ముందు గొంతు పెంచింది లేదు. ఇప్పుడూ పెంచలేదు. "గేటు మూసినందుకా? మూసుడు తప్పు కాదు. ఆలస్యంగ మూసిన. తప్పంటే అదే తప్పు."

"ఇన్నవా?" జగన్‌మోహన్ భార్య వైపు తిరిగాడు. "ఇన్నవా నీ కోడలి మాటలు? బీదర్ నుంచి, హుమ్నాబాద్ నుంచి బండ్లు మాట్లాడుకొని వచ్చిన జనం రోడ్డు మీద నిలవడ్డరు. ఆటల పార్కు పెట్టిన కాన్నుంచి మన గేటు మూసిన దినం లేదు. ఈమె మూసింది. నన్ను అడగకుంట మూసింది!"

"ఫోన్ చేసిన. మీరు ఎత్తలె."

"ఎత్తకపోతె మూస్తవా?"

"రెయిలింగు వంగిపోయింది మామయ్యా. ఒకామె కండ్లు తిరిగి పడిపోయింది. ఆమె మీదికెల్లి మనుషులు దాటిన్రు. దవాఖానకు నేనే తోలుకపోయిన. ఆమె మంచిగున్నది కాబట్టి మనం ఈడ కూసోని రొట్టె తింటున్నం. లేకుంటె ఠాణాల కూసుంటుంటిమి."

ప్రణీత భర్త అఖిలేష్ ఫోన్లోంచి తల ఎత్తలేదు. ఎటు మాట్లాడినా ఎవరో ఒకరు తనమీద పడతారని అతనికి తెలుసు. వారం రోజులుగా ఆ ఇంట్లో ఇదే వరస. జగన్‌మోహన్ ఉన్న గదిలోకి ప్రణీత రాదు. ప్రణీత ఉన్న గదిలో అఖిలేష్ నోరు విప్పడు. ముగ్గురికీ మూడు వేళల్లో వడ్డించి, మూడు మౌనాలను భరించడం మనోరమ వంతయింది.

"అసలు సంగతి ఎక్స్‌ప్రెస్ లైను కాడ ఉన్నది," ప్రణీతే మళ్లీ అంది. "ఎక్కువ టికెట్టు కొన్నోళ్లకు ఒక పడవ, మామూలోళ్లకు ఒక పడవ. ఎక్స్‌ప్రెస్‌ల నలుగురుంటరు. మామూలు లైన్ల ఊరంత ఉంటది. సగం సగం పంచుతున్నం. ఆ లైను కదలమంటె ఎట్ల కదుల్తది?"

ఇక అఖిలేష్‌కు తప్పలేదు. "అన్ని పెద్ద పార్కులల్ల ఉన్నది గద."

"ఆళ్లకు ఆటలు ఎక్కువున్నయి. మనకు ఉన్న పెద్ద ఆట ఝరి ఒక్కటే. దానికున్నయి నాలుగు పడవలు. మనం ఎన్ని టికెట్లు కోసినా ఆ పడవలు పిల్లల్ని పెట్టవు."

"గేటు కాడికి వచ్చినోన్ని ఎనుకకు పంపితె మళ్ల వస్తడా?" జగన్‌మోహన్ గొంతు గోడలకు తగిలింది.

"లోపటికి పిలిచి, దినమంత ఎండల నిలవెట్టి, ఏ ఆట ఆడనియ్యకుంట పంపితె వస్తడా?"

జగన్‌మోహన్ ఆమెను ఒక్క క్షణం చూశాడు. తర్వాత చెప్పులు వేసుకొని, కారు తాళాలు కూడా తీసుకోకుండా నడుచుకుంటూ వీధిలోకి వెళ్లిపోయాడు.

మనోరమ చేతిలో రొట్టె చల్లబడి గట్టిపడింది.

*

జగన్‌మోహన్ చెడ్డవాడు కాడు. అది మనోరమకంటే బాగా ఎవరికీ తెలియదు.

అల్లం పండే చెలకను వదిలిపెట్టి పార్కు కడతానన్నప్పుడు ఊరంతా నవ్వింది. మా జహీరాబాద్ పిల్లలు ఒక ఆట ఆడాలంటే హైదరాబాద్ దాకా పోవాలా అన్నది అతని పట్టుదల. ముంబై హైవే పక్కన రాళ్లు ఏరించి, గుట్టను చెక్కించి, దానిమీదినుంచి నీళ్లు పారించి, ఆ నీళ్లలో జారే పడవలు పెట్టించి, ఆ ఆటకు ఝరి అని పేరు పెట్టాడు. తొలిరోజు పడవలో మొదట కూర్చున్నది తనే. పైనుంచి జారినప్పుడు చిన్నపిల్లవాడిలా అరిచాడు. 'రంగులవనం' అని గేటుమీద పేరు రాయిస్తుంటే కింద నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

అట్లాంటి మనిషి, పోయిన ఆదివారం మూసిన గేటును తన చేతులతోనే తెరిచాడు. పనివాళ్లందరి ముందూ కోడలితో, "ఇగ నువ్వు పార్కుకు రావొద్దు. ఇంట్ల కూసో," అన్నాడు. ఆటలను నడిపే బాధ్యత రెండేళ్లుగా ఆమెది. ఆ ఒక్క మాటతో పోయింది.

మధ్యాహ్నం ఇల్లు నిద్రపోతున్న వేళ మనోరమ కోడలి గదిలోకి వెళ్లింది. ప్రణీత ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"ఒక్క మాటనే గద బిడ్డా. అను. ఆయన కోపం అంతసేపే. నీకు తెల్వదా?"

"తెలుసు అత్తమ్మా. మామయ్య కోపానికి నేను భయపడుత లేను."

"మరి?"

"మాఫీ అడిగితె, గేటు మూసుడు తప్పని నేనే ఒప్పుకున్నట్టయితది. రేపు ఇంకో ఆదివారం వస్తది. ఎండకాలం సెలవులు అయిపోలె. మల్ల గట్లనే జనం వస్తరు. మల్ల ఎవరో పడిపోతరు. అప్పుడు నేను ఏ మొఖం పెట్టుకొని గేటు మూయాలె?"

"గంత ఘోరంగ ఉంటదా ఆ లైను?" అంది మనోరమ మెల్లగా.

ప్రణీత చేతులు ఆగాయి. "మీరు ఎన్నడన్న మన లైన్ల నిలవడ్డరా అత్తమ్మా?"

మనోరమ నవ్వబోయింది. నవ్వు రాలేదు. తాను వెళ్లినప్పుడల్లా కారు వెనక గేటులోంచి వెళుతుంది. ఆఫీసు గదిలో చల్లగా కూర్చుంటుంది. ఎవరైనా చుట్టాలు వెంట ఉంటే ఝరి నడిపే షకీల్ ఒక పడవ ఆపి ఉంచుతాడు. ఎక్కుతారు, దిగుతారు, ఫొటోలు దిగుతారు. ఆ పడవ కోసం అవతల ఎవరు నిలబడ్డారో ఆమె ఏనాడూ తల తిప్పి చూడలేదు.

"లేదు," అంది.

ప్రణీత మడతపెట్టిన బట్టలు బీరువాలో సర్దడం మొదలుపెట్టింది. ఎవరైనా తిట్టి ఉంటే మనోరమకు ఇంతకంటే తేలికగా ఉండేది.

*

ఆదివారం పొద్దున, బయటికి పోతున్నా అని మాత్రం చెప్పి మనోరమ ఆటో ఎక్కింది. పాత నూలుచీర కట్టుకుంది. కొంగు తలమీదుగా కప్పుకుంది.

పార్కు ముందు దిగి అందరిలాగే టికెట్టు తీసుకుంది. కౌంటరులోని అమ్మాయి ఆమె ముఖం వైపు చూడనే లేదు. వెనకనున్న వాళ్లు అంతగా తోస్తున్నారు మరి.

లోపల కాలు పెట్టగానే పిల్లల అరుపులు, నీళ్ల హోరు, పాప్‌కార్న్ వాసన. అంతా ఎప్పటిలాగే ఉంది. ఝరి ముందుకు వచ్చి చూస్తే లైను మరీ పెద్దదిగా అనిపించలేదు. గోడ దాకా ఉంది, అంతే. దీనికింత గొడవా అనుకుంటూ చివర నిలబడింది.

గోడ దగ్గరికి చేరాక తెలిసింది. గోడ అవతల అదే లైను మరో మలుపు తిరిగింది. ఆ మలుపు చివర ఇంకో మలుపు. పైన రేకు లేదు, గుడ్డ లేదు. ఇనుప కడ్డీలు చెయ్యి వేస్తే కాలుతున్నాయి.

ఆమె ముందు ఒక పెద్దావిడ, మనవరాలితో నిలబడి ఉంది. బురఖా ముసుగు వెనక్కి వేసుకొని, చేతిరుమాలుతో పిల్లకు విసురుతోంది. జహీరాబాద్‌లోనే ఉంటామనీ, పేరు సర్వరీ బేగం అనీ, మనవరాలు సబ్రీన్ తరగతిలో ఫస్టు వస్తే పడవ ఎక్కిస్తానని మాట ఇచ్చాననీ అడక్కుండానే చెప్పింది.

"వచ్చిందా ఫస్టు?" మనోరమ అడిగింది.

"రాలె బహెన్. అయినా తోలుకొచ్చిన. నా జబాన్ ఇచ్చిన గద." ఆవిడ నవ్వింది.

మనోరమ సంచీలోంచి నీళ్ల సీసా తీసి పిల్లకు ఇవ్వబోయింది. సబ్రీన్ తల అడ్డంగా ఊపింది. పెదాలు ఎండి తెల్లబడి ఉన్నాయి.

"తాగు బిడ్డా."

"వద్దు ఆంటీ. తాగితె బాత్రూం వస్తది. పోతె మా జాగ పోతది."

సర్వరీ బేగం నవ్వు ఆగిపోయింది. "ఇందాక నేను ఒక్కసారి పోయొస్త అంటె ఎనుకోళ్లు మల్ల రానియ్యం అన్నరు. గప్పట్నించి ఇది నీళ్లు ముడ్త లేదు. ఎంత చెప్పినా ఇంటలేదు."

మనోరమ సీసా మూత బిగించింది. తనకూ దాహం వేస్తోంది. ఆ పిల్ల ముందు తాగబుద్ధి కాలేదు.

వెనకనుంచి ఒక మగ గొంతు అందుకుంది. "ఆ దిక్కు సూడున్రి. మల్ల ఎక్కిస్తున్నరు." మొగుడంపల్లి నుంచి భార్యాబిడ్డలతో వచ్చిన రైతు అతను. పేరు బస్వరాజ్. మెడ చుట్టూ తువ్వాల తడిసి ముద్దయింది. "మనమేమన్న ఉత్తగ వచ్చినమా? మనం కూడ టికెట్టు కొన్నం గద."

కడ్డీలకు అవతల ఎక్స్‌ప్రెస్ లైను ఖాళీగా ఉంది. అప్పుడప్పుడు కొందరు వస్తారు. నేరుగా నడిచివెళ్లి పడవ ఎక్కుతారు. వాళ్లు ఎక్కిన ప్రతిసారీ ఇవతలి లైనులో ఒక నిట్టూర్పు ముందునుంచి వెనక దాకా పాకుతుంది. ఇద్దరు ఎక్కినా పడవ వాళ్లదే. మిగతా సీట్లు ఖాళీగా జారిపోతాయి.

ఆ ఖాళీ సీట్లనే మనోరమ చూస్తోంది. కోడలు చెప్పినప్పుడు అది మాటే. ఇప్పుడు కళ్ల ముందు ఖాళీ పడవ నీళ్లు చిమ్ముకుంటూ పోతోంది.

"ఈ పార్కు మాలికుల ఇంట్ల ఆడోళ్లు ఒక్కపారన్న ఈడ నిలవడితె తెలుస్తుండె," బస్వరాజ్ భార్య అంది, చంకలోని బిడ్డను మరో వైపుకు మార్చుకుంటూ.

మనోరమ కొంగు మరింత ముందుకు లాక్కుంది. నేనే అని చెప్పవలసిన మాట గొంతులోనే ఉండిపోయింది.

*

చిట్టచివరికి ముందు వరసకు వచ్చారు. సబ్రీన్ కాళ్లు పెనవేసుకొని నిలబడింది. షకీల్ గొలుసు తీయబోయాడు.

"షకీల్ భాయ్, జర ఆగు!"

ఆ గొంతు మనోరమకు తెలియనిది కాదు. అఖిలేష్ అవతలి లైనులోంచి వస్తున్నాడు. వెంట హైదరాబాద్ నుంచి వచ్చిన స్నేహితులు, వాళ్ల చేతుల్లో కెమెరాలు. "ఈ పడవ మాకు కావాలె. ఎనుకనే వచ్చే పడవ కూడ. ముంగటి పడవను ఎనుక పడవలకెల్లి వీడియో తీస్తరు."

షకీల్ గొలుసు వదిలేశాడు. స్నేహితులు పడవ ఎక్కి కూర్చున్నారు.

సబ్రీన్ ఏడవలేదు. అమ్మమ్మ బురఖాలో ముఖం దాచుకుంది, అంతే. ఆమె భుజాలు మాత్రం కదిలాయి.

"ఏయ్! ఎవడు నువ్వు?" బస్వరాజ్ అరిచాడు. "పొద్దటి సంది నిలవడ్డం ఈడ!" అతను ముందుకు తోసుకొచ్చాడు. అతని వెనకవాళ్లూ కదిలారు. ఏం జరుగుతోందో తెలియని వాళ్లు, లైను కదిలిందనుకొని ఇంకా వెనకనుంచి నెట్టారు.

మనోరమ వీపుమీద ఒక్కసారిగా బరువు పడింది. ఎదురుగా సర్వరీ బేగం కడ్డీకి ఒత్తుకుపోయి, ఊపిరి అందక నోరు తెరిచింది. పిల్ల ఇద్దరి మధ్యా ఇరుక్కుంది. కడ్డీ కిర్రుమంది.

"అఖీ! పడవ ఆపు!"

అంత గట్టిగా అరవగలనని మనోరమకే తెలియదు. తలమీది కొంగు జారిపోయింది. ఒక చేత్తో కడ్డీని, మరో చేత్తో పిల్లను పట్టుకొని వెనక్కి తిరిగింది. "జరుగున్రి! ఎనుకకు జరుగున్రి! పిల్ల ఉన్నది ఈడ! బస్వరాజన్నా, ఎనుకోళ్లకు చెప్పు, లైను కదల్లేదని చెప్పు!"

బస్వరాజ్ ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే రెండు చేతులూ చాపి వెనకవాళ్లను ఆపాడు. అతను ఎంత కోపంగా ముందుకు తోశాడో అంత బలంగా వెనక్కి నెట్టాడు. షకీల్ కడ్డీ దూకి వచ్చి సర్వరీ బేగాన్ని ఇవతలికి లాగాడు. బరువు తగ్గింది. ఆవిడ దగ్గుతూ మెట్టుమీద కూర్చుంది.

"అమ్మా?" అఖిలేష్ ముఖంలో నెత్తురు లేదు. "నువ్వేంది ఈ లైన్ల?"

"దిగమను వాళ్లను."

"అమ్మా, వాళ్లు నా దోస్తులు..."

"దోస్తులైతె ఇంటికి తోలుకరా, రొట్టెలు చేసి పెడ్త. పడవ దిగమను. ఆ ఎక్స్‌ప్రెస్ లైనుకు గొలుసు వెయ్యి."

"డాడీకి ఏం చెప్పాలె?"

"నేను చెప్పిన అని చెప్పు."

అఖిలేష్ కదల్లేదు. స్నేహితులు తమంతట తామే దిగిపోయారు. అందరూ చూస్తుండగా మనోరమే వెళ్లి గొలుసు లాగి కొక్కెంలో వేసింది. కొక్కెం రెండోసారికి గాని పడలేదు.

తిరిగి వచ్చేసరికి సర్వరీ బేగం ఆమెనే చూస్తోంది.

"ఈ పార్కు మీదా?"

"అవునక్కా."

"గింతసేపు పక్కన నిలవడి చెప్పనే లేదు."

"చెప్పేటందుకు మొఖం లేకుండె."

సర్వరీ బేగం చేతిరుమాలుతో ముఖం తుడుచుకుంది. ఆమె మన్నించిందో లేదో మనోరమకు తెలియలేదు. అడగలేదు కూడా. పిల్ల దగ్గర వంగి, "పోయి రా బిడ్డా. నీళ్లు కూడ తాగి రా. నీ జాగ ఏడికి పోదు. నేను నిలవడ్త," అంది.

సబ్రీన్ పరుగెత్తుకుంటూ వెళ్లి పరుగెత్తుకుంటూ వచ్చింది. పడవలో అందరికంటే ముందు సీటులో కూర్చుంది. పడవ గుట్ట చివరికి చేరి ఒక్క క్షణం ఆగినట్టయి, నీళ్లలోకి దూకింది. ఆ పిల్ల అరుపు కిందినుంచి పైదాకా వినిపించింది. వెనకాల పడవ నిండింది. దాని వెనకాల మరొకటి. ఒక్క సీటూ ఖాళీ లేదు. లైను మొట్టమొదటిసారి నడిచింది.

మనోరమ ఫోన్ తీసింది. "ప్రణీతా, పార్కుకు రా."

"మామయ్య వద్దన్నడు అత్తమ్మా."

"మామయ్యతోని నేను మాట్లాడ్త. నువ్వు రా."

*

ప్రణీత వచ్చి లోపలంతా ఒకసారి చుట్టి చూసింది. ఝరి లైనుమీద గుడ్డ కట్టించింది, తాగేనీళ్ల డ్రమ్ము పెట్టించింది. బయటికి వెళ్లి రావలసిన వాళ్ల చేతికి చీటీ ఇమ్మని చెప్పింది. అన్నీ అయ్యాక అత్తగారి దగ్గరికి వచ్చింది.

"ఇవన్ని సరిపోవు అత్తమ్మా. ఇంకా జనం వస్తనే ఉన్నరు. గేటు మూయాలె. లోపటోళ్లు కొందరు ఎల్లినంక, కొందర్ని ఇడుద్దాం. అట్లయితెనే వచ్చినోళ్లకు ఆట దొరుకుతది."

"మూయి," అంది మనోరమ.

గేటు మూసిన కాసేపటికే జగన్‌మోహన్ వచ్చాడు. హైవే పక్కన వాహనాలు బారులు తీరి ఉన్నాయి. లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. అతను చిన్నగేటులోంచి లోపలికి వచ్చి, గేటు పక్కన నిలబడ్డ భార్యనూ కోడలినీ చూసి ఆగిపోయాడు.

"ఎవరు చెప్పిన్రు మూయమని?"

ప్రణీత నోరు తెరవబోయింది. మనోరమ ఆమె చెయ్యి పట్టి ఆపింది. "నేను చెప్పిన."

"నువ్వా?" అతనికి కోపం కంటే ముందు ఆశ్చర్యం కలిగింది. "నీకేం తెలుసు పార్కు సంగతి?"

"ఇయ్యాల తెలిసింది. పొద్దటి సంది లైన్ల నిలవడ్డ. మన లైన్ల పిల్లలు నీళ్లు తాగుత లేరు. ఎందుకో తెలుసా మీకు? బాత్రూంకు పోతె జాగ పోతదని. ఒక ముసలామె నా ముంగట్నే ఊపిరాడక నోరు తెరిచింది. జర ఉంటె పోయేది. గిందుకేనా మనం ఈ పార్కు కట్టింది?"

జగన్‌మోహన్ చూపు ఝరి వైపు మళ్లింది. అక్కడ లైను కదులుతోంది. అది అతనూ గమనించాడు. ముఖంలో ఏదో మెత్తబడబోతుండగా బయట ఎవరో పేరుపెట్టి పిలిచారు.

"తమ్మీ! ఓ జగనూ!"

గేటు ముందు ఒక పెద్ద తుఫాన్ జీపు ఆగి ఉంది. ముందు సీటులోంచి అనంతమ్మ దిగింది. జగన్‌మోహన్‌కు అక్క. తల్లి పోయినప్పుడు అతనికి ఇంకా పాలపళ్లు ఊడలేదు. అక్కే పెంచింది. బీదర్‌లో కాపురం పెట్టాక కూడా తమ్ముణ్ణి వెంట తీసుకుపోయి బడిలో వేసింది. ఆమె మాటకు జగన్‌మోహన్ ఈనాటికీ ఎదురు చెప్పడు.

"మా వియ్యపురాలిని, వాళ్లోళ్లను తోలుకొచ్చిన. మా తమ్ముని పార్కు చూపిస్త అని దారి పొడుగుత చెప్పుకుంట వచ్చిన. ఏందిది, గేటు మూసిన్రు?"

బండిలోంచి పట్టుచీరలు, పూలు పెట్టుకున్న తలలు తొంగి చూస్తున్నాయి.

"తీయ్ గేటు," జగన్‌మోహన్ వాచ్‌మన్‌తో అన్నాడు. "అక్క బండి ఒక్కటే. రానీ."

వాచ్‌మన్ గడియమీద చెయ్యి వేసి మనోరమ వైపు చూశాడు. గేటు అవతల, ఎండలో, ఎప్పటినుంచో నిలబడ్డ జనం కూడా ఆమె వైపే చూశారు. వాళ్లలో ఎవరూ అరవలేదు. ఏం చేస్తుందో చూద్దామన్నట్టు నిలబడ్డారు.

"తియ్యొద్దు," అంది మనోరమ.

తానే చిన్నగేటులోంచి బయటికి వెళ్లింది. ఆడబిడ్డ రెండు చేతులూ పట్టుకుంది. "వదినె, నీ కాళ్లు మొక్కుత. ఈ షెడ్డు కింద నీడకు కూసోండ్రి. చల్లగ తాగనీకె తెప్పిస్త. వీళ్లు మీకంటె ముంగట వచ్చిన్రు. వీళ్లెనుక మిమ్మల్ని నేనే తోలుకపోత."

అనంతమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. "నన్ను లైన్ల నిలవడుమంటున్నవా మనోరమా?"

మనోరమ తల దించలేదు. "నేను కూడ నిలవడ్డ వదినె, ఇయ్యాల."

"నా వియ్యపురాలి ముంగట?"

మనోరమకు కన్నీళ్లు వచ్చాయి. వాటిని ఆపుకోలేదు. అయినా మాట మార్చలేదు. "అవును వదినె."

అనంతమ్మ గేటు వైపు చూసింది. లోపల ప్రణీతను, ఆమె పక్కన కొయ్యబారి నిలబడ్డ తమ్ముణ్ణి చూసింది. బండి ముందు, చంటిబిడ్డకు కొంగు గొడుగుగా పట్టుకొని నిలబడ్డ ఒక ఆడమనిషిని కూడా చూసింది. బండెక్కి తలుపు వేసుకుంది.

"తిప్పు బండి," డ్రైవరుతో చెప్పింది. తర్వాత కిటికీలోంచి, గొంతు పెంచకుండా, "తమ్మీ, వస్తవా? ఉంటవా?" అని అడిగింది.

జగన్‌మోహన్ గేటు దాటి వచ్చాడు. భార్య ముందునుంచే నడిచాడు. ఆగుతాడనుకుంది మనోరమ. ఒక మాట తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. అతను ఆమె వైపు చూడకుండా అక్క పక్కన కూర్చున్నాడు. బండి ఇంటి వైపు కాక బీదర్ దిక్కుకు మళ్లింది.

"అమ్మా, డాడీ పోతున్నడు!" అఖిలేష్ లోపలినుంచి పరుగెత్తుకొచ్చాడు. "పిలువు! ఒక్కపారి పిలువు!"

పిలిస్తే ఆగుతాడేమో. ఆగితే, గేటు తెరవక తప్పదు. మనోరమ పెదాలు కదిలాయి గాని పిలుపు బయటికి రాలేదు.

"ఏమమ్మా, మా వంతు ఎప్పుడు?" జనంలోంచి ఎవరో అడిగారు.

ఆమె ముఖం తుడుచుకొని గేటు దగ్గరికి నడిచింది. "ప్రణీతా, లోపట ఎట్లున్నది?"

"కొందరు ఎల్లిన్రు అత్తమ్మా. కొందర్ని ఇడువొచ్చు." ప్రణీత బండి పోయిన దిక్కు చూసింది. "అత్తమ్మా... మామయ్య..."

"ముందు వీళ్ల సంగతి చూడు."

మనోరమ గడియ తీసి, ఒక్కరు పట్టేంత సందు మాత్రం వదిలి, తలుపుకు తన భుజం అడ్డం పెట్టింది. చంటిబిడ్డతో నిలబడ్డ ఆడమనిషిని చూసి, "నువ్వు రా చెల్లే," అని పిలిచింది.